బుగ్గకు హద్దు గీయాలి

నీరు బాగుందో లేదో తెలుసుకోవడానికి మన పెద్దలు మూడు పరీక్షలు పెట్టేవారు. రంగు చూసేవారు, వాసన చూసేవారు, నాలుకపై వేసుకుని రుచి చూసేవారు. ఫిఖా గ్రంథాలలోనూ ఈ మూడే ప్రధానమైన గీటురాళ్ళు. అయితే ఈ మూడింటికీ దొరకని మాలిన్యం ఒకటి నేడు మన బావులలోకీ, ఊటలలోకీ చేరుతోంది. దాని పేరు నైట్రేటు. అది కలిసిన నీరు తేటగానే ఉంటుంది, తాగితే తియ్యగానే ఉంటుంది. కాచినా పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

కడప జిల్లాలో ఊటనీరు కొత్త సంగతి కాదు. వల్లూరు మండలంలోని పుష్పగిరి ముందుగా పారే పెన్నా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. కాని ఇసుక కింద నీరు ఉంటుంది. చెలమ తీసి బిందె నింపుకున్న తరాలు మనవి. నది ఇసుకలో ఊటకాలువలు తవ్వి పొలాలకు నీరు మళ్ళించిన రైతులు మనవాళ్ళు. నేలలోంచి నీరు ఉబికి వచ్చే చోటును మనం బుగ్గ అంటాం. కడప నగరం మధ్య నుంచి పారే వాగుకు బుగ్గవంక అని పేరు. పెన్నా ఒడ్డునే ఉన్న తాడిపత్రిలో గుడికి బుగ్గ రామలింగేశ్వరాలయమని పేరు. ఊట దొరికిన చోట మతం ఏదైనా మనుషులు ఒక్కటిగానే చేరారు.

ఈ ఊటలకు నైట్రేటు ఎక్కడి నుంచి వస్తోంది? యూరియాలో 46 శాతం నత్రజని. అంటే 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు. చాలా పొలాల్లో అందులో సగం కూడా పైరుకు అందదు. మిగిలినదానిలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారుతుంది. మట్టి నైట్రేటును పట్టి ఉంచలేదు. నీరు ఎటు పోతే అటే పోతుంది. దీనికి పేడదిబ్బల కారుడు, మరుగుదొడ్డి గుంతల ఊరుడు, సెప్టిక్ ట్యాంకర్లు వాగుల్లో ఒంపే మురుగు తోడవుతాయి. వేంపల్లె వైపు నుంచి వచ్చే పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. ఎగువ తోటలో వేసిన ఎరువుకూ, దిగువ చెలమలో తోడిన నీటికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పరిస్థితి ఇంకా సున్నితమైనది. అక్కడ నేల కింద ఉన్నది నాపరాయి, సున్నపురాయి. ఇసుక నీటిని కొంతైనా వడకడుతుంది, సున్నపురాయి వడకట్టదు. వాన నీరు దాని పగుళ్ళను కరిగించి దారులు చేసుకుంటుంది. ఆ దారులు ఎంత పెద్దవి కాగలవో చూడాలంటే పొరుగున నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు వెళితే చాలు. లోపల పాతాళగంగ ఇప్పటికీ పారుతూనే ఉంది. ఇలాంటి నేలపై పారబోసిన మురుగు దూరంగా ఉన్న ఊటలో తేలడానికి ఎంతో కాలం పట్టదు.

తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం. కడపతో సహా ఆంధ్రప్రదేశ్‌లోని అనేక జిల్లాల బావులలో అది ఈ హద్దు దాటుతోందని కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. ఎక్కువ ప్రమాదం ఆరు నెలల లోపు పసికందులకు. అలాంటి నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ పెదవులు నీలం తిరుగుతాయి.

అయితే తప్పంతా రైతుదేనా? కాదు. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల అదుపు ఎత్తివేశారు, యూరియాపై మాత్రం ఉంచారు. 2010లో పోషకాల ఆధారంగా రాయితీ ఇచ్చే విధానం వచ్చినప్పుడు కూడా యూరియాను బయటే ఉంచారు. చవకగా దొరికేదాన్ని రైతు ఎక్కువ చల్లడంలో వింత ఏముంది? ధరతో రైతును ఇటు నడిపించింది ప్రభుత్వ విధానమే. కనుక చక్కదిద్దవలసిన బాధ్యత కూడా మొదట ప్రభుత్వానిదే.

నీటి వనరు చుట్టూ హద్దు గీయడం మన సంప్రదాయానికి తెలియనిది కాదు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి సొత్తని దైవప్రవక్త (స) బోధించారు. నీటి రేవులను మలినపరచడాన్ని శాపానికి తగిన పనిగా హెచ్చరించారు. ఫిఖాలో 'హరీం' అనే నియమం ఉంది. బావి చుట్టూ 40 మూరలు, ఊట చుట్టూ 500 మూరలు ఇతరులెవరూ తవ్వరాదని హనఫీ న్యాయవేత్తలు నిర్ణయించారు. 19వ శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం తన న్యాయస్మృతి 'మజల్లా'లో దీన్నే చట్టంగా రాసింది. మురుగుగుంత మంచినీటి బావికి ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్నకు, అది నేల గట్టిదనాన్నీ మెత్తదనాన్నీ బట్టి ఉంటుందని పండితులు చెప్పారు. ఎంత శాస్త్రీయమైన ఆలోచన! కాని వారు చూసింది రంగు, రుచి, వాసనలను. నైట్రేటు ఈ మూడింటినీ తప్పించుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల కావాలి, హద్దును అమలు చేయడానికి అధికారం కావాలి. ఈ రెండూ ఒంటరి మనిషి చేతిలో లేవు.

మనకు చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం భూగర్భజలాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. 2002 నాటి వాల్టా చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వరాదంది. 500 మూరల హరీం కూడా దాదాపు అంతే దూరం! భూగర్భజలాన్ని ఎవరూ కలుషితం చేయరాదని కూడా వాల్టాలో ఉంది. కాని ఈ చట్టాల చూపు ఫ్యాక్టరీ గొట్టం మీద, బోరుబావి మీద ఉన్నంతగా పొలం నుంచీ మరుగుదొడ్డి గుంత నుంచీ ఇంకే పోషకాల మీద లేదు. నీరు తరిగిపోకుండా దూరం కొలిచారు, నీరు చెడిపోకుండా కొలవలేదు.

ఇతర దేశాలు ఈ పని మొదలుపెట్టాయి. ఐరోపా దేశాలు 1991లో నైట్రేటు ఆదేశం తెచ్చి, ముప్పు ఉన్న ప్రాంతాలను గుర్తించి, అక్కడ హెక్టారుకు ఏడాదికి పశువుల ఎరువు ద్వారా 170 కిలోలకు మించి నత్రజని వేయరాదన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2016లో ఊటల రక్షణకే ప్రత్యేక చట్టం చేసింది. ఎరువు తగ్గిస్తే పంట పోతుందని భయపడేవారు డెన్మార్క్‌ను చూడాలి. 1987 నుంచి వరుసగా తెచ్చిన నిబంధనలతో ఆ దేశం పొలాల నుంచి కారే నత్రజనిని దాదాపు సగానికి తగ్గించింది. అక్కడ వ్యవసాయం కూలిపోలేదు.

మన ప్రభుత్వం చేయవలసినవి కష్టమైనవి కావు. ప్రతి ఊటనూ, బుగ్గనూ, తాగునీటి చెలమనూ గ్రామ రికార్డులలో నమోదు చేయాలి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి నైట్రేటు పరీక్ష చేసి అంకెను పంచాయతీ గోడ మీద రాయాలి. నేల స్వభావాన్ని బట్టి ఊట చుట్టూ రక్షిత హద్దు ప్రకటించాలి. ఇసుక నేలకు ఒక దూరం, సున్నపురాయి నేలకు అంతకంటే ఎక్కువ దూరం ఉండాలి. ఆ హద్దు లోపల మురుగు ట్యాంకర్లనూ, పేడదిబ్బలనూ, అడుగు కట్టని మరుగుదొడ్డి గుంతలనూ నిషేధించాలి. ఎరువు భూసార పరీక్ష ప్రకారమే, విడతలుగా వేయాలి. హద్దు లోపల ఉన్న రైతుకు కలిగే నష్టాన్ని ఖజానా భరించాలి. నీరు అందరిదైనప్పుడు దాని కాపలా ఖర్చు ఒక్క రైతు నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

అంతవరకు మనం చేయగలిగినదీ కొంత ఉంది. మస్జిద్ కమిటీలు తమ బావి నీటిని పరీక్షకు పంపి, ఫలితాన్ని జుమా రోజున వినిపించవచ్చు. గుడి కోనేరు చూసుకునేవారితో, చర్చి పెద్దలతో కలిసి పంచాయతీకి ఒకే అర్జీ పెట్టవచ్చు. వజూ చేసే నీరు, తీర్థమిచ్చే నీరు, పసిబిడ్డకు పాలు కలిపే నీరు వచ్చేది ఒకే నేల నుంచి. ఆ నేలకు హద్దు గీయమని అడగడం పౌరులుగా మన హక్కు.