టూ-లెట్ బోర్డు వెనక కులం

"పిల్లల చదువుకి బెజవాడ పోతాం, ఏ పేటలో దిగమంటారు మాస్టారూ?" అని మనోళ్ళు అడుగుతుంటారు. అది తేల్చేది మనమా? మంచి బడి ఉన్న వీధిలో టూ-లెట్ బోర్డు వేలాడుతుంది. అద్దెంత అని మనం అడుగుతాం. "మీరేమిట్లు?" అని వాళ్ళడుగుతారు. చెప్పగానే ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు! మనకి మిగిలేది బుడమేరు పల్లం. 2024 సెప్టెంబరు వరదలో సింగ్ నగర్ ఏమైందో చూశాం.

చదువుకుంటే కులం పోతుందా? కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కే 1917లో బరోడాలో అద్దె ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు.

అంటరానితనంతో ఇంట్లో ఉండనీయకపోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. నెలకి తగ్గకుండా జైలు. చట్టం ఉంది, సాక్షే లేడు.

అందుకే ఇల్లు వెతకడానికి ఒంటరిగా పోకండి. సంఘం మనిషిని వెంటబెట్టుకెళ్ళండి. అడిగిన మాట, తేదీ, వీధి రాసిపెట్టండి. కులం దాచి దిగితే పిల్లలు బళ్ళో పాఠం, ఇంట్లో అబద్ధం నేర్చుకుంటారు. అంబేద్కర్ పటం గోడకి తగిలించుకోలేని ఇల్లు మనకెందుకు?