కూడు ఒకచోట, గూడు ఒకచోట

హైదరాబాద్ సిటీ బస్సుల బోర్డులు ఎప్పుడైనా గమనించారా? బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్... ఇవి ఊళ్ల పేర్లు కావు, ఫ్యాక్టరీల పేర్లు. రామచంద్రాపురం వెళ్లేవాళ్లు కూడా బీహెచ్ఈఎల్ వెళ్తున్నాం అనే అంటారు. ఉద్యోగాలు వచ్చి ఊరి పేరునే పక్కకు నెట్టేశాయి.

జనం ఎక్కడ కిక్కిరిసి ఉంటారన్నది కూడా ఉద్యోగాలే తేలుస్తాయి. కాలిన్ క్లార్క్ అనే ఆర్థికవేత్త 1951లోనే పలు నగరాల లెక్కలు పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. నగర కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ జనసాంద్రత తగ్గుతూ పోతుందని. కారణం మనకు తెలిసిందే. పనికి దగ్గరగా ఉండాలని అందరికీ ఉంటుంది. అందరూ అక్కడే అడిగితే నేల ధర పెరుగుతుంది. నేల ధర పెరిగితే ఇల్లు పక్కకు కాదు, పైకి పెరుగుతుంది.

మరి హైదరాబాద్‌కి కేంద్రం ఏది? ఒకప్పుడు చార్మినార్, అబిడ్స్, సికింద్రాబాద్ అనేవాళ్లం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక పడమట ఇంకో కేంద్రం పుట్టింది. బండరాళ్లు, గుట్టలు ఉన్న చోట ఆఫీసులు లేచాయి. మాదాపూర్ నిండాక గచ్చిబౌలి, అదీ చాలక నానక్‌రామ్‌గూడ. ఇంత స్థలంలో ఇంతకుమించి కట్టకూడదు అన్న పరిమితిని 2006లో ఎత్తేయడంతో మేడలకు అడ్డే లేకుండా పోయింది. మధ్యతరగతి కోసం హౌసింగ్ బోర్డు కట్టిన కూకట్‌పల్లి కాలనీలో ఇప్పుడు సందుకో హాస్టల్. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. వాళ్లెవరూ ఆ కాలనీ నచ్చి వచ్చినవాళ్లు కాదు, ఆఫీసుకు దగ్గరని వచ్చినవాళ్లు.

సరే, జీతం బాగుంటే అద్దె ఎంతైనా కట్టొచ్చు. మరి ఆ ఆఫీసుల్లో నేల తుడిచేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు? మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే పాలమూరు ఆమెను అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది: "ఈడ పని దొరుకుతది సారూ, ఇల్లు దొరకదు." రెండు బస్సులు మారి వస్తుంది. రాను, పోను రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే. ఆ మూడు గంటలకు జీతం ఎవరూ ఇవ్వరు.

ఇళ్లు అసలు కట్టలేదని కాదు. 2023లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్లు ప్రారంభించారు. మంచిదే. కానీ నగరంలో ఎక్కడో పని చేసుకుంటూ బతికే మనిషికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లిస్తే గూడు దొరుకుతుంది, కూడు దూరమవుతుంది. పని పోగొట్టుకోవాలా, ఇల్లు వదులుకోవాలా అని ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది.

పాతకాలం అంతా బంగారం అనను గానీ, ఒక్క విషయంలో వాళ్లకు ముందుచూపు ఉంది. బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్ లాంటి సంస్థలు పెట్టినప్పుడు ఫ్యాక్టరీతోపాటు క్వార్టర్లూ కట్టారు. ఉద్యోగం ఇచ్చేటప్పుడే మనిషి ఎక్కడుంటాడన్న ఆలోచన చేశారు. ఐటీకి వచ్చేసరికి మనం ఆఫీసులకు స్థలం చూపించి, మనుషుల సంగతి మార్కెట్‌కి వదిలేశాం. రాయదుర్గం దాకా మెట్రో వచ్చేసరికే 2019 అయింది. ఉద్యోగాలు ముందొచ్చాయి, రైలు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు నగరానికి దక్షిణాన ఫ్యూచర్ సిటీ అంటున్నారు. రేపు అక్కడ ఆఫీసులు వస్తే జనమూ వస్తారు, ఎవరూ ఆపలేరు. మంచినీళ్లు, బడి, బస్సు, తక్కువ అద్దె ఇళ్లు వాళ్లకన్నా ముందే ఉంటాయా, లేక మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాతా అన్నదే తేలాలి.

పెద్ద బిల్డింగుకి అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగ్‌కి ఎంత చోటు వదిలారని తప్పకుండా అడుగుతారు. కార్లు ఎక్కడ ఉంటాయో లెక్క కావాలి. అందులో పనిచేసే మనుషులు రాత్రికి ఎక్కడ పడుకుంటారని మాత్రం ఏ కాగితంలోనూ అడగరు.