చలికి కాదు... వెచ్చదనానికే భయం!

కెనడాలోని సస్కటూన్ నుంచి ఓ పాఠకురాలు మెయిల్ పంపారు. కూతురికి పురుడు పోయడానికి జూన్‌లో వెళ్లారట. ఇంటి వెనక పెరట్లో మనిషి నడుమెత్తు పొదలు రెండున్నాయి. ఇల్లు కొన్నప్పుడే ఉన్నాయట, ఎవరు వేశారో తెలీదు. ఈవిడ వెళ్లిన కొత్తలో ఆకుల చాటున నీలం రంగు పళ్లు... కోలగా, తెల్లటి పొడి అద్దినట్టు! పులుపూ తీపీ కలిసి బాగుంటే గిన్నెల కొద్దీ కోసుకున్నారు. కొన్ని పప్పులో కూడా వేశారట. పప్పు కాస్తా వంకాయ రంగుకు తిరిగిందిగానీ రుచి మాత్రం అచ్చం వాక్కాయ పప్పేనట.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆగస్టు వచ్చేసరికి ఆకులు అంచుల వెంట మాడాయి. పైన బూడిద చల్లినట్టయింది. సెప్టెంబరు చివరికి పొద సగం ఎండిపోయినట్టు కనిపిస్తోంది. కాండం మీద బెరడు పేలికలు పేలికలుగా ఊడుతోంది. 'చచ్చిపోయాయి, పీకేసి గడ్డి వేద్దాం' అంటున్నారు అల్లుడుగారు. 'పైపైన సమానంగా కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తాయి' అంటోంది అమ్మాయి. 'ఇక్కడ మైనస్ నలభై దాకా పోతుందట, పాపం గోనెపట్టాలన్నా చుడదాం' అన్నది ఈవిడ మాట. ఏం చేయమంటారని ప్రశ్న.

ముగ్గురూ ఆగండి!

అమ్మా, మీ పెరట్లో ఉన్నది హస్కాప్. హనీబెర్రీ అనీ అంటారు. రష్యన్లు జీమొలొస్త్ అంటారు. శాస్త్రీయ నామం లోనిసెరా సెరూలియా... అంటే తినే పళ్లు కాసే హనీసకుల్ అన్నమాట. హనీసకుల్ అనగానే మనవాళ్లలో కొందరికి గేటు మీదికి పాకే రాధామనోహరం గుర్తొస్తుంది. ఇంగ్లిషులో దానికి చైనీస్ హనీసకుల్ అనే పేరుంది కాబట్టి ఈ తికమక. నిజానికి దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది పాకే తీగ కాదు, నిలబడే పొద. సైబీరియాలోనూ, జపాన్‌లో ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలోనూ అడవుల్లో, తడి నేలల్లో పెరిగేది. హస్కాప్ అన్న మాట కూడా హొక్కైడోలోని ఐనూ ఆదివాసులదే. మీరున్న ఊరికీ దీనికీ పెద్ద సంబంధమే ఉంది. సస్కచివాన్ విశ్వవిద్యాలయంలో బాబ్ బోర్స్ అనే శాస్త్రవేత్త రష్యా, జపాన్, కురిల్ దీవుల రకాలను కలిపి ఏళ్ల తరబడి సంకరం చేశారు. 2007లో టండ్రా, బోరియాలిస్ అనే రకాలు అక్కడినుంచే వచ్చాయి. తర్వాత అరోరా, బోరియల్ బ్యూటీ లాంటివి వచ్చాయి. హస్కాప్‌కి పుట్టిల్లు సైబీరియా అయితే మెట్టినిల్లు మీ సస్కటూనే!

ముందు అల్లుడుగారి సంగతి. పొద చావలేదండీ, దాని ఏడాది ముగిసిందంతే. మిగతా చెట్లు ఇంకా కళ్లు తెరవకముందే, మంచు పూర్తిగా కరగకముందే ఇది మొగ్గ విప్పుతుంది. మేలో పూత. జూన్ చివరికి పండు. స్ట్రాబెర్రీ కంటే కూడా ముందే. జులైకల్లా కొత్త పెరుగుదల ఆగిపోతుంది. పొద్దున్నే లేచి పనంతా చక్కబెట్టుకున్న ఇల్లాలు మధ్యాహ్నానికే నడుం వాల్చినట్టు... ఆగస్టు ఎండ తగిలేసరికి ఇక ఆకు మీద దీనికి ఆశ ఉండదు. ఎండకు అంచులు మాడతాయి, బూడిద తెగులు వస్తుంది. చూడ్డానికి దరిద్రంగానే ఉంటుంది. అయినా వచ్చే ఏడు పూసే మొగ్గలు అప్పటికే కొమ్మ మీద సిద్ధమై ఉంటాయి. అనుమానముంటే సన్నకొమ్మ మీద గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఇప్పుడు తెగులు మందులు కొట్టి ప్రయోజనం లేదు. రాలిన ఆకులు ఊడ్చి తీసేస్తే చాలు. కొన్ని ఆకులు రాలకుండా గోధుమరంగులో కొమ్మలకే అంటిపెట్టుకుని చలికాలమంతా ఉండిపోతాయి. వాటిని లాగకండి, పక్కనే ఉన్న మొగ్గలు ఊడొస్తాయి.

ఊడుతున్న బెరడు జబ్బు కాదు. మన జామచెట్టు బెరడు రేకులు రేకులుగా ఊడదూ... ఇదీ అంతే. వయసొచ్చిన పొద తత్వం అది. ఆ పేలికలను పట్టి గుంజకుండా ఉంటే చాలు.

ఇంకో మాట. గడ్డి కోసం 'పోనీ ఒకటే పీకేద్దాం' అనే రాజీ కుదుర్చుకుంటారేమో, అది అసలు వద్దు. ఈ పొద తన పుప్పొడితో తాను కాయదు. పక్కన వేరే రకం, అదీ ఇంచుమించు అదే సమయంలో పూసేది ఉండాలి. తేనెటీగలు ఆ పుప్పొడిని ఈ పువ్వుకు చేర్చాలి. మీ ఇంట్లో గిన్నెల కొద్దీ పళ్లు వచ్చాయంటే ఆ రెండూ ఒకదానికొకటి జోడీ అని అర్థం. ఎవరో తెలిసే వేశారు. ఒకటి పీకితే రెండోది పచ్చగా ఉంటుంది... పళ్లే ఉండవు. సరిగ్గా చూసుకుంటే పాతికేళ్లకు పైగా కాసే పొదలివి. బాగా ఎదిగిన పొద ఒక్కోటి మూడు నాలుగు కిలోలు ఇస్తుంది. ఇప్పుడు పురిటి మంచంలో ఉన్న మనవడు డిగ్రీ చదివే రోజుల్లోనూ ఆ పళ్లు కోసుకోవచ్చు!

అమ్మాయి మాటకొద్దాం. కత్తిరిస్తే గుబురుగా వస్తుందన్నది మన రేగుచెట్టు లెక్క. రేగుకు ఏటా కొమ్మలు నరికేస్తాం, కొత్త చిగురు మీదే కాపు కాబట్టి. హస్కాప్‌ది ఆ లెక్క కాదు. మామిడిని తలుచుకోండి. కొమ్మ చివర్లలో పూత వస్తుందని తెలిసి ఎవరైనా కార్తీకమాసంలో మామిడి చివర్లు కత్తిరిస్తారా? దీనికీ ఈ ఏడు పెరిగిన కొమ్మ మీదే, ముఖ్యంగా పై భాగంలోనే వచ్చే ఏడు పూసే మొగ్గలుంటాయి. కంచె మొక్కకు చేసినట్టు మరతో పైన సమానం చేశారా... వచ్చే జూన్‌లో కాపు మొత్తం ఆ కత్తిరింపుల కుప్పలోకి పోయినట్టే. పెరట్లో హస్కాప్‌కి జరిగే అన్యాయాల్లో అన్నిటికంటే పెద్దది ఇదేనని నా అభిప్రాయం. చేసేవాళ్లు మంచి చేస్తున్నామనుకునే చేస్తారు.

నాలుగైదేళ్ల లోపు పొదకు విరిగిన, ఎండిన కొమ్మలు తప్ప ఏదీ తీయక్కర్లేదు. మీవి అంతకంటే ముదురువే అనిపిస్తోంది. అలాంటప్పుడు చివర్లు కాదు, మొదళ్లు చూడాలి. అన్నిటికంటే లావుగా, ముసలిగా ఉండి, చివర చిన్న చిన్న పుల్లలే తప్ప మంచి కొమ్మ లేనిది ఒకటో రెండో ఎంచి నేల దగ్గరికి కోసేయాలి. మొత్తం పొదలో పావు వంతు మించకూడదు. అలా చేస్తే లోపలికి వెలుతురు పడుతుంది, మొదలు నుంచి కొత్త కొమ్మ లేస్తుంది. రష్యాలో ఈ పని ఎక్కువగా ఆకు రాలాక, చలికాలం ముందే చేస్తారు. వసంతంలో ఇది తొందరగా మేల్కొంటుందని వాళ్ల భయం. మీవైపు చలికాలం చివర్లో, మొగ్గ కదలక ముందు చేయమంటారు. రెండూ తప్పు కాదు. మొదటిసారి చేసేవాళ్లు చలికాలం చివరిదాకా ఆగడమే నయం. ఆకు అడ్డం లేకుండా కొమ్మ నడక కనిపిస్తుంది. మంచు బరువుకు విరిగేవేవో కూడా అప్పటికి తెలిసిపోతాయి.

ఇక మీ గోనెపట్టా. అమ్మా, మీ మనసు అర్థమైంది. కానీ ఈ పొదకు మైనస్ నలభై ఒక లెక్కే కాదు. అంతకన్నా తక్కువకు దిగినా తట్టుకుంటుంది. విచ్చుకున్న పువ్వు సైతం మైనస్ ఏడు డిగ్రీల చలిని ఓర్చుకుంటుంది. దీనికి అసలు గండం వెచ్చదనం. ఎందుకంటారా... దీని నిద్ర చాలా చిన్నది. ఆకు రాల్చి పడుకున్నాక, నడి చలికాలానికే లోపల నిద్ర తీరిపోతుంది. బయట గడ్డకట్టే చలి ఉంది కాబట్టి ఊరికే కళ్లు మూసుకుని ఉంటుందంతే. ఆ సమయంలో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే చాలు, వసంతం వచ్చేసిందనుకుని మొగ్గ విప్పుతుంది. మళ్లీ చలి విరుచుకుపడితే ఆ మొగ్గ పోతుంది. అందుకే చలి తక్కువగా, పడుతూ లేస్తూ ఉండే దక్షిణ రష్యా తోటల్లో దీనితో వచ్చినంత బాధ సైబీరియాలో రాదు. గోనెపట్టా చుట్టారనుకోండి, ఎండ కాసిన రోజున లోపల వెచ్చబడుతుంది, తేమ పట్టేస్తుంది. మీరు ప్రేమగా చేసిందే దానికి చెరుపవుతుంది. మీద పడే మంచే దానికి దుప్పటి.

అక్టోబరులో పది రోజులు ఎండ కాస్తే కొమ్మ చివర్లలో ఒకటీ అరా పువ్వులు పూయొచ్చు. 'అకాలంలో పూసింది' అని కంగారుపడకండి, మురిసిపోయి ఎరువూ వేయకండి. ఆ నాలుగు పువ్వుల మేరకు వచ్చే ఏడు కాపు తగ్గుతుంది, అంతే. యూరియా లాంటి నత్రజని ఎరువులు ఈ రోజుల్లో దగ్గరికి రానీయొద్దు. లేత చిగురు వేయించి చలికి అప్పగించినట్టవుతుంది.

అన్నీ వద్దంటున్నాను, చేయాల్సినవేమీ లేవా అంటే ఉన్నాయి. శరదృతువులో వాన లేకపోతే నేల గడ్డకట్టేదాకా వారానికోసారి బాగా తడపండి. దీని వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి మొదట్లో గునపం, పార పెట్టి తవ్వొద్దు. కలుపు చేత్తో తీయండి. చివికిన కంపోస్టో చెక్కపొట్టో రెండు మూడు అంగుళాల మందాన చుట్టూ పరవండి, కాండానికి తగలకుండా బెత్తెడు ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఎందుకంటే ఎలుకలు. మంచు కింద సొరంగాలు చేసుకుని చలికాలమంతా బెరడు కొరుకుతాయవి. మొదట్లో మెత్తటి పరుపు వేస్తే అక్కడే కాపురం పెడతాయి. మీ పెరట్లోకి కుందేళ్లు వస్తుంటే పొద చుట్టూ ఇనుప జాలీ కట్టించండి. మంచు పేరుకునే కొద్దీ వాటికి ఎత్తు అందుతుంది, జాలీ ఆ లెక్కన ఉండాలి.

ఇంకో పొద వేయాలనుంటే నేల గడ్డకట్టడానికి కనీసం నెల రోజులు ముందు నాటుకోవాలి. మీకు ఈ ఏడు ఆ గడువు దాదాపు దాటినట్టే. నర్సరీలో తక్కువ ధరకు ఇస్తున్నారని ఆఖరి నిమిషంలో కొనకండి.

పసివాళ్లున్న ఇల్లు కాబట్టి ఇది తప్పక చెప్పాలి. మీ ప్రాంతంలో కంచెలకు టటేరియన్ హనీసకుల్ అనే మరో పొద విరివిగా కనిపిస్తుంది. గులాబీ పూలు, తర్వాత ఎర్రటి గుండ్రటి పళ్లు. ముచ్చటగా ఉంటాయిగానీ తినకూడనివి. 'హనీసకుల్ పళ్లు తినొచ్చట' అని విన్న పిల్లలు వాటి మీద చేయి వేయకుండా చూసుకోండి. తినేది నీలం, కోల పండు మాత్రమే.

ఇది చదివి 'హైదరాబాద్‌లో దొరుకుతుందా' అని అడగబోయేవాళ్లకు... వద్దండీ. మన చలికాలం దీనికి కునుకుపాటుకు కూడా చాలదు. ఎవరైనా హనీబెర్రీ మొక్కని అంటగట్టినా కాపు కాయదు. పుల్లటి పళ్ల పొదే కావాలంటే వాక్కాయ ఉంది, నీళ్లు పోయకపోయినా కాస్తుంది.

దీని వంగడాల గురించి ఒక ముచ్చట. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర పావ్లొవ్‌స్క్‌లో వావిలోవ్ సంస్థకు 1926లో మొదలైన క్షేత్రం ఉంది. అక్కడ హనీసకుల్‌తో పాటు వేలాది పళ్ల రకాలను విత్తనాలుగా కాదు, బతికున్న మొక్కలుగా నేలలోనే కాపాడుతున్నారు. 2010లో ఆ నేలను ఇళ్ల నిర్మాణానికి ఇవ్వొచ్చని కోర్టు తీర్పిచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు గొడవ పెట్టారు. 2012లో ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని ఆపించింది. అల్లుడుగారికి గడ్డి ఆలోచన మళ్లీ వస్తే ఈ సంగతి చెప్పి చూడండి.

మీరు డిసెంబరులో తిరిగొచ్చేస్తారని రాశారు. ఆకు రాలాక, మంచు పడకముందే ఓ మధ్యాహ్నం అమ్మాయినీ అల్లుడుగారినీ పొద దగ్గరికి పిలవండి. తీసేయాల్సిన ముసలి కొమ్మ మొదట్లో ఓ ఎర్ర రిబ్బను కట్టండి. మార్చి చివర్లో వాళ్లు సికేచర్ పట్టుకున్నప్పుడు రిబ్బను ఉన్నదాన్ని తప్ప దేన్నీ ముట్టుకోవద్దని చెప్పండి. పొదకి రెండు రిబ్బన్లు... అంతకు మించొద్దు.