ఇంటి గ్రంథసంచయమున నిలుపదగినవి: బాగ్‌బేరా తెలుగు గృహముల దృష్ట్యా

స్వంత గ్రంథసంచయమున దేని నుంచవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్నకు పండితులు సాధారణముగా నొక్కటే సమాధానము చెప్పుదురు: ఉత్తమ గ్రంథము నుంచుము, అల్పగ్రంథమును విడువుము. గ్రంథాలయమును, పుస్తకాల దుకాణమును అందుబాటున నున్నవానికి ఈ సూత్రము కొంత సరిపడవచ్చును. తెలుగుదేశమునకు వెలుపల నిది తలక్రిందులైన ఫలితము నిచ్చును.

జంషెడ్‌పూరులో టాటానగరు రైలు స్టేషనునకు చేరువనున్న బాగ్‌బేరా అట్టి చోటు. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో ఉక్కు తయారగుట మొదలైన పిమ్మట దేశము నలుమూలలనుండి కూలీలు, పనివారు, గుమాస్తాలు ఆ ప్రాంతమునకు చేరిరి. శ్రీకాకుళము, విజయనగరము వైపునుండి వచ్చిన తెలుగువారును వారిలో నుండిరి. కార్ఖానాతోబాటు రైల్వే కొలువులును వారిని పిలిచినవి. 1919లో ఊరికి జంషెడ్‌పూరని పేరు పెట్టిరి. 2000లో ఆ ప్రాంతము బీహారునుండి విడివడి ఝార్ఖండున చేరెను. తాతలు తెలుగున చదివిరి, మనుమలు హిందీలోను ఇంగ్లీషులోను చదువుచున్నారు. ఇట్టి యిండ్లలో కొలువు ముగిసి క్వార్టరు ఖాళీ చేయవలసిన నాడే గ్రంథవిమర్శ జరుగును. విమర్శకునికి గడువు రెండు మూడు దినములు. వాకిట రద్దీ కాగితాలవాని తక్కెడ సిద్ధముగా నుండును.

అట్టి యొక యింటి అలమార నూహింపుడు. పై అరలో అట్టకట్టిన భారత భాగవతములు, వావిళ్లవారి ముద్రణలు రెండు మూడు, కొన్ని భారతి సంచికలు. క్రింది అరలో పాత పంచాంగములు, చేతివ్రాత భజనకీర్తనల పుస్తకము, శుభలేఖల కట్ట, పండుగనాడు పంచిన కరపత్రములు, పిల్లవాడు గీతలు గీసిన పెద్దబాలశిక్ష. గడువు తరిగినకొలది క్రింది అర తక్కెడకెక్కును, పై అర పెట్టెలో చేరును. గౌరవముగల పుస్తకములను కాపాడితిమను తృప్తి ఇంటివారికి మిగులును.

కాని కాపాడబడినవేవి? భారత భాగవతములు నేటికిని అచ్చగుచున్నవి. 1924నుండి 1991వరకు వెలువడిన భారతిలో పెక్కు సంచికలు అంతర్జాలమున చదువ వీలున్నది. 1954నాటి పుస్తకముల అందజేత చట్టము వచ్చిన పిమ్మట ప్రకాశకులు తమ ప్రచురణలను కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును మరి మూడు గ్రంథాలయములకును పంపవలసియున్నది. పై అర పోయినచో ఇంటివారికి నష్టము, భాషకు లేదు. క్రింది అర సంగతి వేరు. చేతివ్రాత పుస్తకమునకు చట్టము లేదు, శుభలేఖకు గ్రంథాలయము లేదు.

పంచాంగమునే చూడుడు. ఉగాది వచ్చుటతో దాని పని తీరినదని పారవేయుదురు. అయితే పల్లె విడిచి రైలెక్కిన దినము, బిడ్డ పుట్టిన గడియ, అప్పు తీర్చిన మొత్తము ఆ అంచులలోనే వ్రాసికొనుట మన యిండ్లలో వాడుక. వలస చరిత్ర వ్రాయువానికి ఇంతకు మించిన మూలపత్రము దొరకుట కష్టము. భజన పుస్తకము భాషావేత్తకు మరింత విలువైనది. తెలుగు లిపి రాని మనుమరాలు నాయనమ్మ పాడిన కీర్తనను దేవనాగరిలో వ్రాసికొన్నదనుకొనుడు. హిందీ వ్రాతలో ఎ-ఏలకు, ఒ-ఓలకు వేరువేరు గుర్తులు లేవు. ఆ పిల్ల హ్రస్వదీర్ఘముల నెట్లు గుర్తించినది, ఏ పదమును కళింగాంధ్రపు పలుకుబడిలో నుంచినది, దేనిని హిందీ వినికిడికి మార్చినది, ఇవన్నియు ఆ పుటలనుండియే తెలియును. అట్టి సాక్ష్యము ఏ వ్యాకరణమునను లేదు.

శిష్టుల అభిరుచి మంచి కొలమానమే కాని, భద్రపరచుటకు చాలిన కొలమానము కాదని మన సారస్వత చరిత్రయే చెప్పుచున్నది. పండితులు పెద్దగా లెక్కింపని వేమన పద్యముల ప్రతులను బ్రౌను దొర కూర్చి 1829లో అచ్చువేయించెను. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటింపనారంభించిన నన్నెచోడుని కుమారసంభవము, తెలుగునేలకు దూరమున తంజావూరి సరస్వతీమహలులో మిగిలిన వ్రాతప్రతివలన వెలుగు చూచినది. భజన పుస్తకమును కుమారసంభవముతో తూచుట ఇక్కడి ఉద్దేశము కాదు. ఏకైక ప్రతి ఎచ్చట నున్నదో అచ్చటనే దానికి రక్షణ కావలెననుట మాత్రమే.

అన్నిటిని ఉంచుడనుట సులభము. చెదలు, తేమ, ఖర్కాయి వరదలు, రెండు గదుల యిల్లు ఈ మాటను ఒప్పుకొనవు. అన్నిటిని ఉంచబూనినవాడు విసిగి ఒకనాడు అన్నిటిని అమ్మును. కావున వరుస యేర్పరచుకొనక తప్పదు. మరియొకచోట దొరకనిది మొదట. ఇంటిలో నిజముగా చదువబడుచున్నది పిమ్మట. కీర్తిగలదైనను ఎవరును తెరువనిది చివర. అవ్వ ప్రతిదినము పారాయణము చేయు భాగవతము రెండవ తరగతిలో చేరును. అది ఆమె జీవించియున్నంతవరకు కదలరాదు. అంచులలో ఆమె చేతివ్రాత యుండెనా, అది మొదటి తరగతికే ఎక్కును. అద్దపు బీరువాలో నిగనిగలాడు సంపుటములను తెలుగు చదువువారి కిచ్చివేయుట పుణ్యమే. ఛాయాప్రతి యున్నది గదా యని తొందరపడరాదనువారి మాటలోను నిజము లేకపోలేదు. యంత్రమున కెక్కించిన ప్రతులలో పుటలు జారుటయు, అట్టలు విడుచుటయు కలదు. ఇచ్చివేయుటకు ముందు సరిచూచుకొనుట మంచిది.

ఇంటివారిని మాత్రమే తప్పు పట్టుట అన్యాయము. ప్రసిద్ధ రచయితల సంచయములను సగౌరవముగా స్వీకరించు విద్యాసంస్థలు పనివాని ఇంటి అలమారను అడిగి చూచుట అరుదు. అడుగనివాడు పోయినదని విచారించుట యెట్లు? విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు బాగ్‌బేరా, ఖర్గపూరు వంటి చోట్లనుండి ముందుగా పుస్తకములను గాక పట్టికలను కోరవచ్చును. పేరు, ముద్రణాలయము, సంవత్సరము, మొదటి పుటపై నున్న సంతకము, అంచులలోని వ్రాతలు, ఇంత మాత్రము చాలును. తెలుగు చదువలేని మనుమడైనను చేతిఫోనుతో ఆ పుటలకు చిత్రములు తీసి పంపగలడు. ఈ పని క్వార్టరు ఖాళీ చేయు వారమున కాక, పదవీ విరమణకు ఒక సంవత్సరము ముందే మొదలుపెట్టవలసియుండును.