కట్ట కింద మన ఊరు: ఆదివారం పూట పిల్లలకు చూపించండి



ఈ పూట భోజనాల దగ్గర మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క ప్రశ్న అడిగి చూడండి. “మనింటి నుంచి ఇందిరా పార్కుకు నడిచి ఎలా వెళ్లాలి? ఎక్కడ కుడివైపు తిరగాలి, ఎక్కడ ఎడమవైపు?” స్కూల్ వ్యాన్ వచ్చే దారి చెప్పగలరు. ట్యూషన్ దారి కూడా చెప్పగలరు. ఇందిరా పార్కు దగ్గరికి వచ్చేసరికి చాలామంది “ఫోన్ ఇవ్వు, మ్యాప్ చూసి చెప్తా” అంటారు. కవాడిగూడలో పుట్టి పెరిగిన పిల్లలే ఇలా అంటారు.

నేను సోషల్ చెప్పే టీచర్‌ని. అమెజాన్ అడవులు ఏ ఖండంలో ఉన్నాయో మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, అందులో సందేహం లేదు. కానీ తాము ఒక చెరువు కట్ట కింద కాపురముంటున్నామని వాళ్లలో ఎందరికి తెలుసు? నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. సెలవు దొరికితే పిల్లల్ని కారెక్కించి గచ్చిబౌలి మాల్‌కో, శంకర్‌పల్లి రిసార్ట్‌కో తీసుకెళ్లే ముందు, ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్లు నడిపించండి. వాళ్లు తినడానికి, తిరగడానికి, ఆడుకోవడానికి కావలసినవన్నీ ఈ రెండు కిలోమీటర్లలోనే ఉన్నాయి.

దీనికి తొందర కూడా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఈ ఊళ్లో ఇంకెన్నాళ్లు మిగిలాయో లెక్క వేయండి. పదో తరగతి అయ్యాక చాలా ఇళ్లలో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చేస్తారు. అక్కడి నుంచి ఇంజనీరింగ్, ఆపైన బెంగళూరో, అమెరికానో. మళ్లీ ఇక్కడికి వచ్చేది పండక్కి నాలుగు రోజులు, చుట్టంలా. అంటే ఆ పిల్లవాడికి ‘మా ఊరు’ అని చెప్పుకోవడానికి ఏదైనా పోగుపడాలంటే ఈ రెండు మూడేళ్లలోనే పోగుపడాలి.

చెరువు దగ్గరే మొదలుపెడదాం. కవాడిగూడ నుంచి లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీదికి వచ్చి పడమర వైపు తలెత్తి చూడమనండి. పైన బస్సులు, కార్లు పోతుంటాయి. అది రోడ్డు కావడానికి ముందు కట్ట. 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ కట్ట. 1591 నాటి చార్మినార్ కంటే కూడా పాతది. కట్ట, తూము, అలుగు అనే మాటలు ఊళ్లో పెరిగిన తాతయ్యలకు, నానమ్మలకు బాగా తెలుసు. ఈ ఒక్క నడకకు మాత్రం వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, మీకంటే బాగా చెప్తారు. చెరువు నిండితే నీళ్లు అలుగు మీదుగా పోవాలి కదా? ఆ నీళ్లు పోయే దారే మనమంతా ముక్కు మూసుకుని దాటే హుస్సేన్ సాగర్ నాలా. కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్‌ల పక్క నుంచి నల్లకుంట, అంబర్‌పేట వైపు పోయి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రోజు ఈ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మీ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లను అడిగితే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. వానాకాలంలో కాకుండా మామూలు రోజున, అశోక్‌నగర్ వంతెన మీద ఫుట్‌పాత్‌పై నిలబెట్టి, నాలా ఎటు నుంచి ఎటు పోతుందో పిల్లల్ని చెప్పమనండి. పుస్తకంలో ‘పట్టణ వరదలు’ అని నేను పీరియడ్ అంతా చెప్పేది అక్కడ ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

అదే రోడ్డు మీద కట్ట మైసమ్మ గుడి ఉంది. తెలంగాణ ఊళ్లలో చెరువు కట్ట మీద మైసమ్మ ఉండటం ఆనవాయితీ. కట్ట తెగకుండా కాచే తల్లి అని నమ్మకం. నగరం ఇంత పెరిగినా, చెరువు చుట్టూ ఇన్ని హోటళ్లు వచ్చినా ఆ తల్లి మాత్రం కట్ట కిందే ఉంది. ఆషాఢంలో బోనాలప్పుడు వెళ్తే ఇంకా బాగుంటుంది.

కట్ట పైకెక్కితే విగ్రహాలు. 1986లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పెట్టించినవి. పిల్లలతో వెళ్లినప్పుడు అన్నీ చూపించాలని పరుగెత్తకండి. ఒక ఆదివారానికి ఒక్క విగ్రహం చాలు. ఇవాళ మొల్ల, వచ్చే నెల రుద్రమదేవి, ఆపైన మఖ్దూం మొహియుద్దీన్. ఎవరు, ఏం చేశారు, ఇక్కడ ఎందుకు నిలబెట్టారు అని ఇంటికొచ్చి వాళ్లే వెతుక్కుంటారు. చెరువు మధ్యలో ఉన్న బుద్ధుడి కథ మాత్రం అక్కడే చెప్పేయాలి. రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కిన విగ్రహం. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే మునిగిపోయింది. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉండి, 1992 డిసెంబర్ 1న నిలబడింది. ఈ కథ విన్నాక ఏ పిల్లవాడూ ఆ విగ్రహాన్ని సెల్ఫీ వెనక ఉండే బొమ్మలా చూడడు.

ఇందిరా పార్కు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 76 ఎకరాలు. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో తెరిచారు. నగరం నడిబొడ్డున ఇంత పచ్చటి చోటు మన పక్కన ఉండటం అదృష్టమనే చెప్పాలి. అయితే మనవాళ్లు చాలామంది దాన్ని షుగర్ ఉన్నవాళ్లు నడిచే ట్రాక్‌గానే చూస్తారు. పిల్లల్ని ట్రాక్ మీద నడిపించకండి, విసుగు పుడుతుంది. చేతిలో ఏమీ పెట్టకుండా చెట్ల కింద వదిలేయండి. గంధపు చెట్టు ఎలా ఉంటుందో వెతకమనండి. రాక్ గార్డెన్‌లో ఎక్కనివ్వండి. మొదటి పావుగంట “బోర్ కొడుతోంది” అంటారు. ఓర్చుకోండి. ఆ తరువాత వాళ్లే ఏదో ఒక ఆట కనిపెడతారు, ఇంటికి పోదామంటే రారు.

పార్కు పక్కనే ధర్నా చౌక్. జెండాలు, మైకులు, టెంట్ కింద కూర్చున్నవాళ్లు కనబడితే పిల్లలు ఆగి అడుగుతారు, “వీళ్లెందుకు కూర్చున్నారు?” అని. “పద పద, మనకెందుకు” అని చేయి పట్టి లాగకండి. అడిగిన వాటికి తెలిసినంత చెప్పండి. ప్రజాస్వామ్యం పాఠం మేం బోర్డు మీద చెప్తాం, అక్కడ అది కంటి ముందే జరుగుతోంది.

ఇక అశోక్‌నగర్, చిక్కడపల్లి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు. నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే అన్నలు, అక్కలు లంచ్ బాక్సులు తెచ్చుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. పిల్లల్ని అక్కడికి తప్పక తీసుకెళ్లండి. కానీ ఒక విన్నపం. “చూశావా, ఎలా చదువుతున్నారో! నువ్వూ అలా చదవాలి” అనే ఉపన్యాసం మాత్రం వద్దు. పిల్లలు ఆ మాట రోజుకు పదిసార్లు వింటున్నారు, అందులో ఐదుసార్లు మా నుంచే. లైబ్రరీకి వెళ్లేది పోటీ కోసమేనని పదేళ్లకే అనుకుంటే ఇక కథల పుస్తకం కోసం ఎప్పుడు వెళ్తారు? పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయో కౌంటర్ దగ్గర వాళ్లనే అడగనివ్వండి. మీరు ఒక పేపర్ తీసుకుని దూరంగా కూర్చోండి.

అక్కడికి దగ్గరలోనే త్యాగరాయ గానసభ. సాయంత్రం పూట సంగీతమో, నాట్యమో, నాటకమో, పుస్తకావిష్కరణో ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. చాలా కార్యక్రమాలకు టికెట్ ఉండదు. పిల్లలు అరగంట కూర్చుని లేచిపోతే లేచిపోనివ్వండి. వేదిక మీద తమ వయసు పిల్ల భయపడుతూ, తప్పు దిద్దుకుంటూ నాట్యం చేయడం చూస్తే రీల్స్‌లో దొరకనిదేదో దొరుకుతుంది. నారాయణగూడ వైపు వెళ్తే మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ముందు ఒక్క నిమిషం ఆగండి. చదువంతా ఉర్దూలో సాగే నిజాం కాలంలో, 1928లో, ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి పెట్టిన బడి అది. మన ఇళ్లలో కొందరు అమ్మమ్మలు అక్కడ చదివినవాళ్లే అయి ఉంటారు, అడగండి.

తిండి సంగతి వచ్చేసరికి అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది కాబట్టి నాదీ చెప్తాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి బిర్యానీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ పేరు పెట్టుకున్న హోటళ్లు నగరమంతా ఉన్నాయి, అసలుది మాత్రం మన గుమ్మంలో ఉంది. నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్‌లో టిఫిన్, రంజాన్ నెలలో ముషీరాబాద్ వైపు హలీం, మృగశిర కార్తె నాడు ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో జనం. తినేవాళ్లయితే ఆ మార్కెట్ ఒక్కసారైనా పిల్లలకు చూపించాలి. ఇవన్నీ ఒక ఎత్తు. నేను చెప్పేది ఇంకొకటి. పిల్లల చేతికి వంద రూపాయలు ఇచ్చి “నలుగురికీ సాయంత్రం టిఫిన్ నువ్వే కొనాలి, ఏం కొంటావో నీ ఇష్టం” అనండి. మిర్చి బజ్జీ బండి దగ్గర ఎన్ని వస్తాయి, ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఎన్నింటికి సరిపోతాయి, చిల్లర ఎంత రావాలి! ఒలింపియాడ్ మ్యాథ్స్‌కు లెక్క తప్పని పిల్లవాడు బండి దగ్గర చిల్లర లెక్కపెట్టడానికి తడబడటం చూస్తే మీకే నవ్వొస్తుంది. బండి తిండి శుభ్రంగా ఉండదని మీరంటారు. నిజమే, అన్ని బళ్లూ ఒకటి కాదు. కళ్ల ముందు నూనెలోంచి తీసింది, పెనం మీద నుంచి వేడివేడిగా వడ్డించింది తిననివ్వండి. మూత లేని చట్నీ, అక్కడి నీళ్లు వద్దనండి. బండిని ఎంచుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. రేపు హాస్టల్‌లో ఉన్నప్పుడు పక్కన మీరుండరు కదా.

ఆట దగ్గరికి వస్తే నాకు కొంచెం బాధగానే ఉంటుంది. మన చుట్టూ చోట్లు లేకపోలేదు. ఎన్టీఆర్ స్టేడియం ఉంది, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ కూడా అక్కడే జరుగుతుంది. నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్ ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు ఉంది. దోమలగూడలో వ్యాయామ విద్యా కళాశాల ఉంది. లోయర్ ట్యాంక్‌బండ్‌లో స్నో వరల్డ్ కూడా ఉందనుకోండి, అది ఏడాదికోసారి చాలు. చోట్లు ఉన్నాయి గానీ పిల్లలకు సాయంత్రాలు లేవు. నాలుగున్నరకు ఇంటికి చేరితే ఐదింటికి ట్యూషన్, ఏడింటికి హోంవర్క్. ఆదివారం వస్తే సోమవారం వీకెండ్ టెస్ట్.

అందుకే మన యాజమాన్యాన్ని కూడా ఈ పత్రికలోనే అడుగుతున్నాను. నెలలో రెండో ఆదివారానికి హోంవర్క్ ఇవ్వవద్దు, ఆ తరువాతి సోమవారం టెస్ట్ పెట్టవద్దు. ఏడాదికి పన్నెండు ఆదివారాలు. దానివల్ల ఏ ర్యాంకూ పోదని, పిల్లల పేపర్లు ఏళ్లుగా దిద్దుతున్న మనిషిగా నేను చెప్పగలను. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మీరు కూడా ఈ మాట అడిగితే నా ఒక్కదాని గొంతు కాకుండా ఉంటుంది.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. ట్రాఫిక్, దుమ్ము, కుక్కలు, లేని ఫుట్‌పాత్‌లు. పైగా ఆడపిల్లలు. ఇవేవీ చిన్నవి కావు. కానీ ఆలోచించండి, 2023 ఆగస్టులో స్టీల్ బ్రిడ్జి వచ్చాక ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా కారులో నిమిషాల్లో దాటేస్తున్నాం. 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో కూడా ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కింద రోడ్డు, పైన మెట్రో, దాని పైన బ్రిడ్జి. మనం ఊరి మీది నుంచి పోతున్నాం, ఊళ్లోంచి కాదు. నడిచేవాళ్లు తగ్గిన కొద్దీ ఫుట్‌పాత్ ఎవరికీ పట్టని వస్తువవుతుంది. ఐదుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు కలిసి నడిస్తే కుక్కల భయమూ తగ్గుతుంది, ఆడపిల్లల గురించిన భయమూ తగ్గుతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో మన స్కూల్ పిల్లలు నలుగురైదుగురు ఉంటూనే ఉన్నారు. ఈ వారం ఒక ఇంటివాళ్లు తీసుకెళ్తే, వచ్చే వారం ఇంకో ఇంటివాళ్లు. ఏడో తరగతి దాటిన పిల్లల్ని ముందు నడవనిచ్చి, దారి వాళ్లనే చెప్పనిచ్చి, మీరు పది అడుగుల వెనక ఉండండి.

బయల్దేరేది పొద్దున ఆరున్నరకైతే మంచిది. రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఎండ ఉండదు, ఇడ్లీ బండ్లు అప్పుడే పొగలు కక్కుతుంటాయి. చెప్పులు కాకుండా బూట్లు వేయండి, నీళ్ల సీసా పిల్లల చేతికే ఇవ్వండి. ఫోన్ ఒక్కటి చాలు, అది మీ జేబులో.