రెండే సీట్ల పాత కారు



మన సంఘములలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా పై దేశములకు వెళ్ళి ఉద్యోగము చేసుకొంటున్నారు. ఒకప్పుడు వారి యొద్దనుండి నెలకొక ఉత్తరము వచ్చేది. ఇప్పుడు సెల్ ఫోనులో ఫొటో వస్తున్నది. ఇంగ్లండులో ఉన్న కుమారుడు పంపిన అటువంటి ఫొటోను గూర్చి ఒక తల్లి ఇలా అడుగుచున్నారు: "అయ్యగారూ, మావాడు పాత కారు కొంటానంటున్నాడు. దానికి రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. వారమంతా ఇంటి ముందు పెట్టి శని, ఆదివారాలు మాత్రమే నడుపుతాడట. వాడి చదువుకు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన బాకీ ఇంకా సగం ఉంది. కోడలికి అయిదో నెల. వాడికి ఏమని చెప్పమంటారు?"

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక ఈ నెల దీనినే ఆలోచించుదాము. కారు అనగానే కోపపడుట సులువు. అయితే ఆ వస్తువేమిటో, దానిలో కష్టనష్టములేమిటో తెలిసికొని మాట్లాడే తండ్రి మాటకు కుమారుడు చెవి యొగ్గుతాడు.

ఇంగ్లండులో ఈ రెండు సీట్ల బండ్లకు పాత చరిత్ర ఉన్నది. అబింగ్డన్ అనే ఊరిలో 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అనే కారు తయారైంది. ఎండ కాసే రోజులు తక్కువైన ఆ దేశములో, కాసిన నాడు కప్పు తీసివేసి పల్లె దారులలో తిరుగుట వారికి వేడుక. తరువాత జపానులోని మజ్దా కంపెనీ ఆ తరహా బండినే నమ్మకముగా నడిచేటట్లు చేసి, 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగో ప్రదర్శనలో చూపించింది. దానికి ఎం.ఎక్స్-5 అని పేరు. అమెరికావారు మియాటా అంటారు. 1998లో రెండవ తరము, 2005లో మూడవది, 2015లో నాలుగవది వచ్చినవి. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల బండ్లు తయారైనవి. అన్ని తయారైనవి గనుకనే సెకండుహ్యాండులో విరివిగా దొరుకుచున్నవి. మన పిల్లలు ఆశపడేది సాధారణముగా ఈ బండినే. మొదటి తరము బండి బరువు ఒక టన్నుకు లోపే. ఇంజను పెద్దదేమీ కాదు. తేలికగా ఉండుట వలననే నడిపేవానికి ఆనందము. కాబట్టి ఇది గొప్పలకు కొనే ఖరీదైన బండి అని తొందరపడి తీర్పు తీర్చవద్దు.

మరి అపాయమెక్కడ? సంతలో ఎద్దును కొనే రైతు దాని రంగు చూసి డబ్బు ఇవ్వడు. పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఈ కారుకు కూడ అటువంటి చోట్లు ఉన్నవి.

మొదటిది తుప్పు. చలికాలములో మంచు కరుగుటకు అక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. మన సముద్రతీర గ్రామములలో రేకుల ఇండ్లకు ఏమగునో మీకు తెలుసు. దానికి తోడు, గుడ్డ కప్పుమీద పడిన వాన నీరు సీట్ల వెనుక ఉన్న రెండు చిన్న గొట్టముల ద్వారా క్రిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకొనిపోతే నీరు బండిలోనికి దిగుతుంది. తలుపుల క్రింద పొడుగునా ఉండే రేకు దూలమును అక్కడివారు సిల్ అంటారు. అది లోపలనుండి తినివేయబడుతుంది. పైన రంగు చిన్న పొక్కులా లేచినదంటే లోపల అప్పటికే చాలా పోయి ఉండవచ్చును. ఇంటికి పునాది ఎటువంటిదో కప్పులేని కారుకు ఆ దూలము అటువంటిది. దానిని కోసి వెల్డింగు చేయించుటకు, బండి ధరలో పెద్ద భాగమే ఖర్చు కావచ్చును. గనుక వెనుక చక్రముల ముందున్న సిల్ భాగమును తట్టి చూడాలి. సీట్ల వెనుక కార్పెట్టు, డిక్కీ అడుగు తడిగా ఉన్నవేమో చేత్తో తాకి చూడాలి.

రెండవది ఇంజను. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూపించమని అడగాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన జబ్బు దాచుకొంటుంది. మొదటి రెండు తరముల బండ్లకు టైమింగు బెల్టు ఉంటుంది. సుమారు 60,000 మైళ్ళకొకసారి దానిని మార్చాలి. మార్చినామని నోటితో చెప్పుట చాలదు, బిల్లు చూపించాలి.

మూడవది టైర్లు. తక్కువ తిరిగిన బండి టైరు అరగదు గాని వయస్సు మీరి గట్టిపడుతుంది. టైరు ప్రక్కన నాలుగు అంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరము 35వ వారములో తయారైనదని అర్థము. ఈ బండిని నడిపించేవి వెనుక చక్రములు. మొదటి తరము బండ్లలో జారుటను అదుపుచేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు లేదు. తడి రోడ్డుపై పాత టైర్లతో మలుపు తిరిగితే వెనుక భాగము ప్రక్కకు కొట్టుకొనిపోగలదు. రూపాయలు పోతే తిరిగి సంపాదించుకొనవచ్చును, మనిషి పోతే ఎలా?

నాలుగవది కాగితములు. బ్రిటనులో మూడేండ్లు దాటిన కారును ప్రతి సంవత్సరము ఎం.ఓ.టి. అనే పరీక్షకు తీసికొనిపోవాలి. బండి నంబరు తెలిస్తే చాలు, గడచిన పరీక్షల ఫలితములు ప్రభుత్వము వారి ఇంటర్నెట్ సేవలో ఉచితముగా కనబడతాయి. ఎప్పుడు ఏ కారణముచేత తప్పినది, తుప్పు గూర్చి ఏమి హెచ్చరించినారు, మీటరు ఎన్ని మైళ్ళు చూపినది, అన్నీ ఉంటాయి. ఒక ఏడు 90,000, మరుసటి ఏడు 60,000 అని ఉంటే, ఎందుకో అమ్మేవానినే అడగాలి. వి5సి అనే రిజిస్ట్రేషను పత్రములో ఉన్న పేరు బండిని ఉంచుకొన్నవానిది. అది యాజమాన్యమునకు రుజువు కాదు. కాబట్టి బండిమీద అప్పు ఉన్నదా, ప్రమాదములో దెబ్బతిన్నదని ఇన్సూరెన్సువారు వదలివేసినదా అని కొద్ది రుసుము చెల్లించి వేరుగా విచారించుకోవాలి. 2017 అక్టోబరు నుండి అటువంటి బండ్లలో చట్రము దెబ్బతిన్నవాటిని ఎస్ తరగతి అని, తక్కిన మరమ్మతు చేయదగినవాటిని ఎన్ తరగతి అని గుర్తించుచున్నారు.

ఇంతవరకు చెప్పినది బండి మంచిచెడ్డలు. ఇకమీదిది ఇంటి మంచిచెడ్డలు.

వారానికి రెండు రోజులే తిరిగినా ఖర్చు ఏడు రోజులదే. అక్కడ 2014 అక్టోబరు నుండి రోడ్డు పన్ను పాత యజమాని వద్దనుండి కొన్నవానికి సంక్రమించదు. కొన్న దినమునుండే క్రొత్తగా చెల్లించాలి. బండి రోడ్డెక్కదని ప్రభుత్వమునకు తెలియజేస్తే తప్ప, ఇంటి ముందు ఊరక నిలిచి ఉన్నా ఇన్సూరెన్సు ఉండితీరాలి. మన దేశపు లైసెన్సు అక్కడ స్థిరపడిన తరువాత 12 నెలలే చెల్లుతుంది. ఆ పైన వారి పరీక్ష నెగ్గాలి. అనుభవము తక్కువైన డ్రైవరు వద్ద ఇన్సూరెన్సువారు ఎక్కువ సొమ్ము అడుగుతారు. నిలిచి ఉన్న బండికి బ్యాటరీ దిగిపోవుట, బ్రేకులు పట్టుకొనిపోవుట మామూలే.

అన్నిటికంటె ముఖ్యము పుట్టబోయే బిడ్డ. వెనుక సీటు లేని బండిలో బిడ్డను ఎక్కడ కూర్చుండబెడతారు? వెనుకకు తిరిగి ఉండే పసిబిడ్డ సీటును, పని చేస్తున్న ఎయిర్‌బ్యాగు ఎదుట ముందు సీటులో పెట్టుట ఆ దేశ చట్టమునకు విరుద్ధము. ఒకవేళ పెట్టదగిన విధముగా పెట్టినా తల్లికి చోటేది? బిడ్డ పుట్టిన తరువాత భర్త షికారుకు, భార్య ఇంటికి అన్నట్లయితే ఆ కారు ఇద్దరి మధ్య నిలిచే గోడ అవుతుంది. ఆస్పత్రికి పోవుటకు ఇంటిలో వేరొక నాలుగు సీట్ల బండి ఉంటే అది వేరే సంగతి.

అలాగని పిల్లవాని సరదా పాపమని నేననను. వారమంతా కంప్యూటరు ముందు కూర్చొని, పరాయి దేశములో ఒంటరితనము భరించుచున్నవాడు శనివారము రెండు గంటలు గాలి పీల్చుకొంటానంటే అందులో దోషమేమున్నది? మన ఊళ్ళలో ఎడ్ల పందెములకు గిత్తలను మేపే రైతులు లేరా? అవి పాలిస్తాయా, దుక్కి దున్నుతాయా? సరదాకు చోటున్నది. అయితే వరుస ఉండాలి. ముందు పొలము తాకట్టు విడిపించాలి. తరువాత కాన్పు ఖర్చుకు, కొన్ని నెలల ఇంటి అవసరములకు సొమ్ము ప్రక్కన పెట్టుకోవాలి. ఆ తరువాతనే సరదా. అది కూడ అప్పు చేయకుండ, చేతిలోని సొమ్మంతా బండికే పోయకుండ, మరమ్మతుకు కొంత మిగుల్చుకొని కొనాలి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇటువంటి కోరిక తెలిపినప్పుడు ఫోనులో కేకలు వేయవద్దు. వేస్తే ఈసారి చెప్పినవాడు వచ్చేసారి చెప్పకుండ కొంటాడు. నెమ్మదిగా మూడు ప్రశ్నలు అడగండి: "నాన్నా, పొలం బాకీ ఎప్పటికి తీరుతుంది? బిడ్డ వచ్చాక నీ భార్య ఏ బండిలో వెళ్తుంది? తెలిసిన మెకానిక్కు ఆ కారు క్రిందికి దూరి చూశాడా?" ఈ మూడింటికి తిన్నని జవాబులున్నవాడు కొంటే సంతోషించి, కప్పు తీసి నడుపునప్పుడు ఒక ఫొటో పంపమనండి. జవాబులు లేనివానికి రెండేండ్లు ఆగమని చెప్పండి. ఆ కారు వంటివి ఇంకా అనేకము దొరుకుతాయి. తాకట్టులో పోయిన పొలము దొరకదు.