విగ్రహం చేతిలోని పుస్తకం మన చేతికి ఎప్పుడు?



వార్షికోత్సవం అంటే పాత దోస్తులు కలుసుకోవడం, హాస్టల్ నీళ్లచారును తలుచుకుని నవ్వుకోవడం, తొలిరోజు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మనల్ని దిగబెట్టిపోయిన బాపును యాది చేసుకుని కళ్లు తుడుచుకోవడం. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ ఈ సంచికలో మేము ఇంకో మాట అడగదలిచాం. మనం చదువుకుని బయటపడ్డాం. మనం వదిలి వచ్చిన వాడ సంగతేమిటి?

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ పట్నానికి పోయినా, అది కరీంనగర్ కానీ, గోదావరిఖని కానీ, మంచిర్యాల, బెల్లంపల్లి కానీ, ఒక చివరన మనవాళ్ల వాడ కనిపిస్తుంది. వాడ మొదట్లో అంబేద్కర్ విగ్రహం, పక్కన యువజన సంఘం బోర్డు ఉంటాయి. ఆ విగ్రహం ఊరికే రాలేదు. కూలి డబ్బుల్లోంచి చందాలు తీసి, అడ్డం వచ్చినవాళ్లతో కొట్లాడి మన అన్నలు నిలబెట్టిందది. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ బోర్డు వెనుక సంఘం ఏడాదికి ఎన్ని రోజులు పనిచేస్తుంది? ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న. మిగతా రోజుల్లో సంఘం గది తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. ఎన్నికలు వస్తే మాత్రం ఆ తాళం దానంతటదే తెరుచుకుంటుంది.

ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. మా వాడల సంఘాల్లో మేమూ పదవులు వెలగబెట్టినవాళ్లమే. జయంతికి డీజే ఎంత పెద్దది పెట్టాలని రాత్రంతా చర్చించాం. అదే ఏడు వాడలో పదో తరగతి తప్పినవాళ్లు ఎందరని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాళ్లం. విగ్రహం చేతిలో పుస్తకం ఉంది. మా చేతిలో చందా పుస్తకం తప్ప వేరే పుస్తకం లేదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. వాడకు నాయకత్వం బయటి నుంచి ఎవరో తెచ్చి ఇచ్చేది కాదు. వాడలోని యువతీ యువకులు పని చేస్తూ తయారుచేసుకునేది. మనలాంటి చదువుకున్నవాళ్లం వాళ్ల పక్కన నిలబడాలే తప్ప వాళ్ల మీద కూర్చోకూడదు.

ఇది కొత్త మాటేమీ కాదు. మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ బస్తీ బిడ్డ. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టేనాటికి ఆయన వయసు 18 ఏళ్లు. అంటే ఈ రోజు మన హాస్టల్లో ఇంటర్ పూర్తి చేసే తమ్ముడి వయసు. ఆయనను నిజాం సర్కారు పిలిచి నాయకుణ్ని చేయలేదు. హరికథలతో జనాన్ని పోగుచేశారు. 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి వంటి బస్తీల్లో మన పిల్లలకు బడులు తెరిచారు. తాగుడు మానమన్నారు. ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి జోగినులను చేయడాన్ని ఎదిరించారు. తగాదాలు తామే తీర్చుకునే పంచాయతీలు నడిపారు. బస్తీకి ఏం కావాలో బస్తీలో పుట్టినవాడికి తెలుసు కాబట్టే ఆ పని నిలబడింది.

సముద్రాల అవతల కూడా ఇదే ముచ్చట. న్యూయార్క్ నగరంలో ఈస్ట్ హార్లెమ్ అనే పేట ఉంది. ప్యూర్టోరికో దీవి నుంచి బతకడానికి వలస వచ్చిన స్పానిష్ మాట్లాడే కుటుంబాలు అక్కడ ఉండేవి. 1969లో 'యంగ్ లార్డ్స్' పేరుతో అక్కడి పడుచు పిల్లలు ఒక సంఘం పెట్టారు. ముందు ఉపన్యాసాలు ఇవ్వలేదు. మీకున్న పెద్ద బాధ ఏమిటని ఇరుగుపొరుగును అడిగారు. చెత్త అన్నారు జనం. నగర పాలకులు మిగతా పేటల్లో ఎత్తినట్టు అక్కడ చెత్త ఎత్తేవారు కాదు. పిల్లలు చీపుళ్లు పట్టి వీధులు ఊడ్చారు. అయినా బండి రాకపోతే ఆ చెత్తనంతా పెద్దరోడ్డుకు అడ్డంగా కుప్ప పోశారు. అప్పుడు కానీ అధికారులకు ఆ పేట కనబడలేదు. ఆ తర్వాత పిల్లల రక్తంలో సీసం విషం ఉందేమోనని ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేయించారు.

ఆ సంఘం నుంచి ఇంకో రెండు పాఠాలు కూడా నేర్చుకోవాలి. మొదట్లో నిర్ణయాలన్నీ మగపిల్లలవే. 1970లో సంఘంలోని ఆడపిల్లలు ఎదురుతిరిగి సంఘం కార్యక్రమాన్నే తిరగరాయించారు. 1971లో నాయకత్వం తన పేటను కాదని ప్యూర్టోరికోలో శాఖలు పెట్టడానికి శక్తినంతా మళ్లించింది. అక్కడి నుంచి సంఘం బలహీనపడుతూ పోయింది. వాడను విడిచిన సంఘం వేరు తెగిన చెట్టు లాంటిది.

మన దగ్గర ఈ అవసరం ఇప్పుడు ఎందుకు ఎక్కువైంది? బొగ్గుట్టల వైపు చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లోకి పడిపోయింది. తండ్రి గనిలో దిగితే ఇల్లు గడిచిన కాలం పోయింది. కొడుకు డిగ్రీ పట్టా పట్టుకుని చౌరస్తాలో నిలబడ్డాడు. ఆ ఖాళీ చేతులకు ఎవరి జెండా ఇస్తే ఆ జెండా మోస్తున్నాడు. మన సంఘం వాడికి పని చూపకపోతే ఇంకొకరు బీరు సీసా చూపిస్తారు.

మనలో ఒకరు ఎవరెస్టు ఎక్కితే అందరం గర్వపడ్డాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ శిఖరం మీద నిలబడ్డారు. ఆ గర్వం మనకు ఎప్పటికీ ఉంటుంది. కానీ ఒక్కరు ఎక్కితే వాడంతా ఎక్కినట్టు కాదు. బడి మానేసి ఇటుక బట్టీకి పోయిన పిల్లవాడి లెక్క కూడా మనదే.

నాయకత్వం ఎక్కడ నేర్చుకోవాలి అంటారా? మనం హాస్టల్లోనే నేర్చుకున్నాం. బియ్యం తూచేటప్పుడు పక్కన నిలబడ్డాం, కూరగాయల లెక్క రిజిస్టర్లో రాశాం. ఒకసారి బోరు మోటారు కాలిపోయి నెల రోజులు చెరువు నీళ్లు మోశాం. ముగ్గురం పోయి అడిగితే "పోయి సదువుకోండ్రి" అని పంపించారు. అందరం సంతకాలు పెట్టి దరఖాస్తు ఇచ్చి, రసీదు అడిగితే వారంలో మోటారు వచ్చింది. అడగడం ఒక చదువని మాకు ఆ రోజు తెలిసింది. 2024 చివర్లో 8 నుంచి 10 తరగతుల వారి మెస్ ఛార్జీలు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెరిగాయి. అది కూడా ఏళ్ల తరబడి విద్యార్థులు రోడ్డెక్కి అడిగిన తర్వాతే.

అందుకే ప్రతి వాడ సంఘానికి మేము నాలుగు పనులు సూచిస్తున్నాం.

ఒకటి, వాడకో నోటుపుస్తకం. ఏ ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారు, ఎవరు మానేశారు, ఎవరికి స్కాలర్‌షిప్ రాలేదు అన్నది అందులో ఉండాలి. ప్రతి జూన్‌లో తిరిగి రాయాలి.

రెండు, చందా లెక్క విగ్రహం ముందు అందరికీ చదివి వినిపించాలి. లెక్క చెప్పని సంఘానికి అధికారులను లెక్క అడిగే ముఖం ఉండదు.

మూడు, కమిటీలో సగం మంది ఆడపిల్లలు ఉండాలి. పేరుకు కాదు, సంతకం పెట్టే పదవుల్లో. నల్లా దగ్గర రోజూ నిలబడేది వాళ్లే, చీకటి సందులో భయపడేది వాళ్లే.

నాలుగు, నోటిమాట కాదు, కాగితం. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ రుసుము కూడా లేదు. 2017లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద మన వాడకు ఎంత ఖర్చు చేశారో అడుగుదాం. నెలాఖరున అధికారులు జరపాల్సిన పౌరహక్కుల దినం మన దగ్గర జరిగిందా అని అడుగుదాం.

"ఇవన్నీ పెట్టుకుంటే పిలగాండ్ల సదువు పాడైతది" అని మన పెద్దలు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. కేసుల్లో ఇరుక్కుని చదువు ఆగిపోయిన అన్నలు మనకు తెలుసు. మేము చెప్పేది చదువు మానేసి తిరగమని కాదు. వారానికి ఒక్క సాయంత్రం చాలు. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే అక్క, దరఖాస్తు రాసిపెట్టే అన్న కూడా నాయకులే. మైకు పట్టుకున్నవాడొక్కడే నాయకుడన్న భ్రమ పోవాలి.

ఉద్యోగాలు వచ్చిన మిత్రులకు చివరి విన్నపం. మన హాస్టళ్ల కోసం జీవితాంతం పాటుపడిన ఎస్.ఆర్. శంకరన్ గారు 2010లో కన్నుమూశారు. ఐఏఎస్ అధికారి అయినా ఆయన మన వాడల దాకా నడిచి వచ్చారు. మనం అక్కడే పుట్టి ఇప్పుడు కాలనీల్లో ఇల్లు కట్టుకుని, ఊరి పేరు అడిగితే మాట మారుస్తున్నాం. దండలకు, ఫ్లెక్సీలకు డబ్బు పంపడం సులువు. నెలకోసారి వచ్చి పిల్లల పక్కన చాప మీద కూర్చోవడమే కష్టం. ఆ కష్టమే మనం వాడకు తీర్చాల్సిన బాకీ.

వచ్చే వార్షికోత్సవానికి ప్రతి ఒక్కరం మన వాడ నోటుపుస్తకం వెంట తెచ్చుకుందాం. ఎవరి పుస్తకంలో ఎన్ని పేర్లు బడికి తిరిగి పోయాయో చదువుకుందాం.

జై భీమ్!